మా ఊరి బడి భోజనం: ఆరు రోజులు పిల్లల పంక్తిలో కూర్చుని తిన్న తరువాత

చీపురుపల్లికి దగ్గరలో ఉన్న మా ఊరి ప్రాథమిక పాఠశాలలో ఒకటి నుంచి అయిదో తరగతి వరకు 58 మంది పిల్లలు చదువుతున్నారు. మా అమ్మాయి నాలుగో తరగతి. నేను తల్లిదండ్రుల కమిటీలో సభ్యుణ్ణి కనుక, భోజనం రుచి చూసి రిజిస్టరులో సంతకం పెట్టే వంతు నాకూ వస్తూ ఉంటుంది. ఆ వంతు మామూలుగా ఎలా గడుస్తుందో నాకు బాగా తెలుసు: వంటగది గుమ్మంలో నిలబడి, అరచేతిలో నాలుగు మెతుకులు వేయించుకుని, బాగుందమ్మా అని ఒక మాట అని, సంతకం చేసి వెళ్లిపోతాం. రెండేళ్లు నేనూ అలాగే చేశాను. ఈ జూలైలో మాత్రం ఒక వారం పనికి సెలవు పెట్టి, సోమవారం నుంచి శనివారం దాకా పిల్లల పంక్తిలోనే కూర్చుని, వారికి వడ్డించినదే, వారికి వడ్డించినంతే తిన్నాను. నా భోజనం పిల్లల లెక్కలో పడకూడదని నా వంతు బియ్యం, పప్పు, గుడ్డు ఇంటి నుంచే పట్టుకెళ్లి ఇచ్చాను. తమ పిల్లలను ప్రభుత్వ బడికి పంపుతూ, అక్కడ వారేం తింటున్నారో సాయంత్రం పిల్లల నోటి మాటగా మాత్రమే వింటున్న తల్లిదండ్రుల కోసం ఇది రాస్తున్నాను.

ముందు ఖర్చు సంగతి చెప్పాలి, ఎందుకంటే అది తెలియకుండా రుచి గురించి మాట్లాడటం వంటవారికి అన్యాయం చేయడమే అవుతుంది. ప్రాథమిక తరగతుల పిల్లవాడికి రోజుకు 100 గ్రాముల బియ్యం, 20 గ్రాముల పప్పు, 50 గ్రాముల కూరగాయలు, 5 గ్రాముల నూనె అన్నది మధ్యాహ్న భోజన పథకంలో జాతీయ ప్రమాణం. ఆ భోజనంతో 450 కేలరీలు, 12 గ్రాముల మాంసకృత్తులు అందాలి. బియ్యం విడిగా వస్తుంది. పప్పు, కూరగాయలు, నూనె, పోపు సామాను, గ్యాసు, వీటన్నిటికీ కలిపి 2025 మే 1 నుంచి కేంద్రం ఖరారు చేసిన మొత్తం ఒక్కొక్కరికి రోజుకు 6.78 రూపాయలు. మా బడిలో 58 మందీ హాజరైన రోజు అది 393 రూపాయల చిల్లర. అందులోనే కిలో నూట అరవై గ్రాముల పప్పు, దాదాపు మూడు కిలోల కూరగాయలు కొని వండాలి. గుడ్డు, వేరుశెనగ చిక్కీ, రాగి జావ సామాను ఈ లెక్కలోకి రావు, అవి రాష్ట్ర ప్రభుత్వం వేరుగా పంపుతుంది. టమాటా ధర పెరిగిన వారం మా పిల్లల కూర ఎందుకు పలచబడుతుందో నాకు ఈ లెక్క చూశాకే అర్థమైంది. అంతకు ముందు నేనూ అందరిలాగే వంటవారినే అనుమానించాను.

వండేది ఇద్దరు, డ్వాక్రా సంఘం మహిళలు. 26 నుంచి 100 మంది పిల్లలుంటే ఇద్దరు వంటవారు అన్న నిబంధన ప్రకారం మా బడికి ఇద్దరే. ఒక్కొక్కరికి నెలకు 3,000 రూపాయల గౌరవ వేతనం. ఆ 3,000 కోసం వారు ఉదయం ఏడున్నరకు వచ్చి, మధ్యాహ్నం గుండిగలు తోమి బోర్లించి, రెండు గంటలు దాటాక ఇంటికి వెళతారు. సరుకుల బిల్లు వెనకబడిన నెలల్లో కిరాణా కొట్టులో అప్పు వారి పేరు మీదే ఉంటుంది. ఈ వేసవి తరువాత బడి తెరిచినప్పుడు పాత బాకీ ఇంకా మిగిలి ఉందని, కొట్టువాడు కొత్తగా పప్పు ఇవ్వనంటే పెద్దావిడ తన కోడలి పట్టీలు తాకట్టు పెట్టిందని నాకు ఆ వారంలోనే తెలిసింది. అది ఆవిడ చెప్పుకోలేదు, రెండో వంటమ్మ చెప్పింది. ఇంత కష్టం మీద పప్పు ఎందుకు తగ్గించరని నేను అడిగినప్పుడు పెద్దావిడ అన్న మాట ఇది: "పప్పు పలచనైన దినం గుంటలు నా మొకం సూడరు బాబూ, కంచమే సూసుకుంటారు. అది నాను సూడలేను." గుంటలంటే మా వైపు పిల్లలు.

ఇక భోజనం. సోమవారం అన్నం, ఆకుకూర పప్పు, ఉడికించిన గుడ్డు, చిక్కీ. అన్నం గురించి నిజాయితీగా చెప్పాలంటే నేను ఆశించిన దానికంటే చాలా బాగుంది. 2025 జూన్‌లో బడులు తెరిచినప్పటి నుంచి సన్న బియ్యం వస్తున్నాయి. అంతకు ముందు వచ్చిన బియ్యంతో అన్నం ముద్దకట్టేది, చల్లారితే గట్టిపడేది, పిల్లలు సగం వదిలేసేవారు, బడి వెనక కుక్కలు ఆ సమయానికి చేరేవి. ఇప్పుడు మెతుకు విడివిడిగా ఉంటోంది, రెండోసారి అడిగే పిల్లలు కనిపిస్తున్నారు. అయితే బియ్యం విషయంలో మా ఊరిలో ఒక పొరపాటు నడుస్తోంది, దాని గురించి కాస్త వివరంగా రాయాలి.

మా బడికి వచ్చిన పథకం బియ్యంలో వందకు ఒకటి చొప్పున కలిపిన పోషక గింజలు ఉన్నాయి. బియ్యప్పిండిలో ఇనుము, ఫోలిక్ ఆమ్లం, బి12 విటమిను కలిపి, మళ్లీ గింజ ఆకారంలో తయారుచేసినవి అవి. రంగులో కొంచెం తేడా ఉంటుంది, నానబోస్తే కొన్ని పైకి తేలతాయి. తేలడం చూసి వాటికి ప్లాస్టిక్ బియ్యం అని పేరుపెట్టి, చేటలో చెరిగేటప్పుడు ఏరి పారేసే అలవాటు మా ఊరి ఇళ్లలో ఉంది. బడి వంటగదిలోనూ మంగళవారం ఉదయం అదే చూశాను: చిన్న వంటమ్మ ఎంతో శ్రద్ధగా, ఒక్కొక్క గింజా ఏరి పక్కన పెడుతోంది. పిల్లల మీద ప్రేమతోనే ఆ పని చేస్తోంది. కానీ రక్తహీనత తగ్గాలని కలిపిన గింజ ఒక్కటే వారి కంచంలోకి రాకుండా పోతోంది. చౌక డిపోల బియ్యంలో ఈ గింజలు కలపడాన్ని ప్రయోగాత్మకంగా మొదలుపెట్టినప్పుడు మన రాష్ట్రం నుంచి ఎంపికైనది మా విజయనగరం జిల్లానే. ఇన్నేళ్ల తరువాత కూడా ఆ గింజ ఏమిటో వండే మనిషికి ఎవరూ కూర్చోబెట్టి చెప్పకపోవడం నాకు బాధ కలిగించింది. ఆ రోజు ప్రధానోపాధ్యాయులు నాలుగు గింజలు అరచేతిలో నలిపి పిండి అవుతుందని చూపించారు. మర్నాటి నుంచి ఏరడం మానేశారు.

పప్పు సోమవారం చిక్కగానే ఉంది. మా వైపు పొలాల్లో నార కోసం వేసే గోగు పంట ఇప్పుడు తగ్గినా, గట్ల మీద గోంగూరకు కొదవలేదు; శుక్రవారం వండిన గోంగూర పప్పు ఈ వారం మొత్తంలో పిల్లలు కంచం నాకి తిన్న వంటకం. పులుపు వారికి ఇష్టం; పైగా గోంగూరలో ఉండే సి విటమిను అన్నంలోని ఇనుము ఒంటికి పట్టడానికి సాయపడుతుంది. బుధవారం కూరగాయల కుర్మా మాత్రం నన్ను నిరాశపరిచింది. బంగాళాదుంప ముక్కలు వెతుక్కోవలసి వచ్చింది, ఉప్పు తగ్గింది, పైన నూనె తేలకపోవడం ఆరోగ్యం కోసం కాదు, నూనె లేకపోవడం వల్లనే. ఆ రోజు నాకు మూడు గంటలకే ఆకలి వేసింది. బియ్యం, పప్పు కలిసి 12 గ్రాముల మాంసకృత్తుల అంచు దాకా తెస్తాయి. పప్పు లేని రోజున ఆ లోటు పూడ్చేది ప్రధానంగా గుడ్డే.

అందుకే గుడ్డును గురించి రాజీ పడకూడదు. ఒక గుడ్డు సుమారు 6 గ్రాముల మాంసకృత్తులు ఇస్తుంది, అంటే పిల్లవాడి మధ్యాహ్నపు ప్రమాణంలో సగం. వారానికి అయిదు గుడ్లు అన్నది నా దృష్టిలో ఈ పథకంలోని అన్నిటికంటే విలువైన నిర్ణయం. గురువారం వచ్చిన ట్రేలలో గుడ్లు కొన్ని మరీ చిన్నవి, నీళ్లలో వేస్తే నాలుగు తేలాయి. తేలిన వాటిని వంటవారు ఉడికించలేదు. ప్రధానోపాధ్యాయులు రాసుకుని సరఫరాదారుకు తిప్పి పంపారు, బదులు గుడ్లు సోమవారానికి గాని రాలేదు. ఆ రోజు నలుగురు పిల్లలకు గుడ్డు తగ్గాలి. తగ్గలేదు. వంటవారిద్దరూ తమ ఇళ్ల నుంచి నాటుకోడి గుడ్లు తెప్పించారు. ఈ సంగతి ఏ రిజిస్టరులోనూ ఉండదు కనుక ఇక్కడ రాస్తున్నాను. నా మాట ఒకటే: గుడ్ల ట్రే దిగేటప్పుడు తల్లిదండ్రుల్లో ఎవరో ఒకరు అక్కడ ఉండాలి, బకెట్‌లో నీళ్లు పెట్టుకుని చూడాలి. పది నిమిషాల పని.

ఆ గుడ్డు దగ్గరే ఇంకొకటి చూశాను. నా పక్కన కూర్చున్న రెండో తరగతి పాప గుడ్డులో సగం తిని, సగం నోటు పుస్తకం కాగితంలో చుట్టింది. ఇంట్లో రెండేళ్ల తమ్ముడున్నాడట. ఆ వయసు పిల్లవాడికి అంగన్‌వాడీ నుంచి నెలకు 2.5 కిలోల బాలామృతం పొట్లం ఇంటికి వస్తుంది. వేయించిన గోధుమలు, శెనగపప్పు, పాలపొడి, చక్కెర, నూనె కలిపిన పిండి అది. ఏడో నెల నుంచి మూడేళ్ల వరకు ఒక్క బిడ్డ కోసం లెక్కగట్టి ఇచ్చేది. సాయంత్రం ఆ ఇంటికి వెళ్లి నాయనమ్మను అడిగితే, తియ్యగా ఉంటుంది కదా అని ఇంట్లో అందరూ తలా చారెడు తింటారని, పది రోజుల్లో అయిపోతుందని చెప్పింది. ఆవిడను తప్పు పట్టడానికి నాకు నోరు రాలేదు. తల్లీ తండ్రీ విశాఖపట్నంలో భవన నిర్మాణ పనికి వెళ్లారు, ఆ ఇంట్లో ముగ్గురు పిల్లలూ ఆవిడ చేతి మీదే ఉన్నారు, ఒక్కరికి వచ్చిన తీపిని తక్కిన ఇద్దరి ఎదుట దాచడం ఏ నాయనమ్మకు సాధ్యం?

నా చిన్నప్పటి సంగతి ఇక్కడ గుర్తుకు వచ్చింది. 1995 ఆగస్టు 15న కేంద్రం పథకం మొదలుపెట్టినా, మా కాలంలో బడిలో వంట లేదు. హాజరు సరిపోయిన పిల్లలకు నెలకు మూడు కిలోల బియ్యం ఇచ్చేవారు. నేను సంచి పట్టుకుని వరుసలో నిలబడి తెచ్చిన ఆ బియ్యం ఇంటి కుండలో కలిసిపోయేది, నా వంతు అన్నది ఏదీ ఉండేది కాదు, మధ్యాహ్నం బడిలో నీళ్లు తాగి కూర్చునేవాణ్ణి. గోదాముల్లో ధాన్యం పేరుకుపోతుంటే జనం ఆకలితో ఉండటమేమిటని 2001లో సుప్రీంకోర్టులో వ్యాజ్యం పడి, ఆ ఏడాది నవంబరు 28న వండిన భోజనమే పెట్టాలని న్యాయస్థానం ఆదేశించాక, మన రాష్ట్రంలో 2003 జనవరి నుంచి బడుల్లో పొయ్యి వెలిగింది. బియ్యం సంచికీ వేడి అన్నం కంచానికీ ఉన్న తేడాను నేను రెండు వైపులా చూసినవాణ్ణి. సంచి ఇంటికి పోతుంది, కంచం బిడ్డ ముందు ఉంటుంది. బాలామృతం కూడా వీలున్నంత వరకు అంగన్‌వాడీ కేంద్రంలోనే కలిపి తినిపిస్తే మేలన్నది నా అభిప్రాయం.

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైన జావ దగ్గరికి వస్తాను. మా వైపు రాగులను చోళ్లు అంటాం. చోడి అంబలి తాగి పొలానికి వెళ్లిన తాతల మనవలం మేము; ధాన్యాల్లో కాల్షియం చోళ్లలో ఉన్నంతగా మరి దేనిలోనూ ఉండదు. 2023 మార్చి నుంచి బడుల్లో మంగళ, గురు, శనివారాల్లో రాగి జావ ఇస్తున్నారు, తక్కిన మూడు రోజులు చిక్కీ. మా బడిలో జావ ఉదయం ప్రార్థన కాగానే పోస్తారు. పెద్ద వంటమ్మ పిండిని ముందు చన్నీళ్లలో ఉండలు లేకుండా కలిపి, మరిగే ఎసరులో సన్నని ధారగా పోసి, పచ్చివాసన పోయేదాకా తిప్పి, బెల్లం విడిగా కరిగించి, ఇసుక తేరేలా వడకట్టి చివరన కలుపుతుంది. చిన్న వంటమ్మ చేసిన శనివారపు జావలో ఉండలు తగిలాయి, తీపి ఎక్కువైంది. పిల్లలు రెండూ తాగారు, కానీ మంగళవారం గ్లాసులు ఖాళీ అయిన తీరు వేరు.

జావ ఉన్న రోజుకూ లేని రోజుకూ తేడా చూడాలని బుధవారం మొదటి గంట నుంచే బడిలో ఉన్నాను. ఉపాధ్యాయురాలి అనుమతితో మూడో తరగతిలో, పొద్దున్న ఏమీ తినకుండా వచ్చినవాళ్లు చెయ్యి ఎత్తండి అని అడిగాను. నేను అనుకున్నదానికంటే ఎక్కువ చేతులు లేచాయి. ఒక బాబు చెయ్యి సగం ఎత్తి, పక్కవాణ్ణి చూసి దించేసుకున్నాడు. ఇది ఉభాల కాలం. ఆడవాళ్లు వరి నాట్లకు ఆరు గంటలకే వెళ్లిపోతారు, ఇంట్లో పొయ్యి వెలిగేది సాయంత్రమే. పిల్లలు టీలో రస్కు ముంచుకుని, అదీ లేకపోతే వట్టి చేతులతో బడికి వస్తారు. పదకొండు గంటలకు ఎక్కాలు చెప్పించుకుంటున్నప్పుడు ఒకరిద్దరు బల్ల మీద తల వాల్చారు. ఉపాధ్యాయురాలు వారిని లేపలేదు, వంటగది వైపు ఒకసారి చూసి పాఠం కొనసాగించారు. మధ్యాహ్న భోజనం మధ్యాహ్నం ఆకలిని బాగానే తీరుస్తోంది. కానీ మా ఊరి పిల్లల ఆకలి తొమ్మిది గంటలకు మొదలవుతోంది, సోమ, బుధ, శుక్రవారాల్లో అది మూడు గంటల పాటు ఎవరి లెక్కలోకీ రాకుండా ఉండిపోతోంది. తమిళనాడులో 2022 సెప్టెంబరు నుంచి ప్రాథమిక తరగతులకు ఉదయం అల్పాహారం పెడుతున్నారు. మనకు అది వచ్చేదాకా, జావ ఆరు రోజులూ ఉండాలన్నది ఈ ఆరు రోజుల్లో నాకు కలిగిన ఒకే ఒక్క గట్టి అభిప్రాయం.

శనివారం తీపి పొంగలి. బాగుంది. ఇంతకంటే చెప్పవలసింది లేదు.

వసతుల్లో మాత్రం లోపాలున్నాయి. చేతులు కడుక్కోవడానికి ఉన్న నాలుగు కుళాయిల్లో రెండే పనిచేస్తున్నాయి, సబ్బు ఒక్క రోజూ కనిపించలేదు, వాన పడిన గురువారం వరండాలో చోటు చాలక అయిదో తరగతి పిల్లలు నిలబడి తిన్నారు. గ్యాసు బండ మధ్యలో అయిపోయిన బుధవారం సరుగుడు కట్టెల మీద వండారు. పొగకు పక్క గదిలో ఒకటో తరగతి పిల్లలు దగ్గుతూ కూర్చున్నారు. వంటకు నేను నిండు మనసుతో మంచి మార్కులు వేస్తాను, నీళ్లకు, కూర్చునే చోటుకు వేయలేను. భోజనం బోర్డు మీద పథకానికి పెట్టిన డొక్కా సీతమ్మ గారి పేరు ఉంది. కోనసీమలోని లంకల గన్నవరంలో వేళ కాని వేళ ఇంటికి వచ్చినవారికీ వండి పెట్టి, 1909లో కన్నుమూసిన ఆ తల్లి ఎవరో మా అమ్మాయి అడిగితే నేను చెప్పాను. విన్నాక అది అడిగిన ప్రశ్న, మన వంటమ్మల పేర్లు బోర్డు మీద ఎందుకు లేవని. మరుసటి రోజు ప్రధానోపాధ్యాయులు సుద్దముక్కతో ఆ రెండు పేర్లూ రాయించారు.

ఊరు చేయగలిగినది కూడా ఉంది. పుట్టినరోజుకో, పెద్దల తద్దినానికో బడి పిల్లలకు ఏదైనా పెట్టే ఆచారాన్ని ఈ పథకంలోనే తిథి భోజనం అన్న పేరుతో ప్రోత్సహిస్తున్నారు. మా ఊరిలోనూ పెడుతున్నారు, అయితే అందరూ లడ్డూలు, కేకులే తెస్తారు. పిల్లల ముఖాల్లో ఆ రోజు కనిపించే సంతోషాన్ని నేను తక్కువ చేయను. కానీ లడ్డూ పెట్టే ఖర్చుతో చోడిపిండి, బెల్లం కొంటే ఎన్ని ఉదయాలు గడుస్తాయో పెద్ద వంటమ్మను కూర్చోబెట్టి లెక్క వేయించాను. ఆ కాగితం పట్టుకుని ఆదివారం సాయంత్రం రామాలయం అరుగు మీద కమిటీవాళ్లం, డ్వాక్రా సంఘంవాళ్లం కలిశాం. అరగంట వాదన జరిగింది. మా నాన్న పేరున తీపి పెట్టకుండా అంబలి పోస్తే జనం ఏమనుకుంటారని ఒక పెద్దాయన అడిగారు. ఆయన చిన్నప్పుడు ఏం తాగి పెరిగారో పక్కనున్న వాళ్లావిడ గుర్తుచేశాక, మొదటి బస్తా చోళ్లు ఆయనే ఇస్తానన్నారు. మర ఆడించే పని సంఘానికి, బెల్లం నాకు, గ్యాసు ఖర్చు నెలకొక ఇంటికి పంచుకున్నాం. అదనంగా చేసే మూడు ఉదయాలకు వంటవారిద్దరికీ రోజుకు ఇంత అని విడిగా ఇవ్వాలని కూడా రాసుకున్నాం, అది లేకుండా మొదలుపెట్టడానికి నేను ఒప్పుకోలేదు.

వచ్చే సోమవారం మొదటి జావ. ఉభాలు ముగిసేదాకా నడుపుదామని అనుకుని లేచాం. తరువాత సంగతి కోతల ముందు మళ్లీ అదే అరుగు మీద కూర్చుని మాట్లాడుకుంటాం.